మొగులు మింగిన గాలిమోటరు

పాలమూరు పల్లెల్లో పాతకాలం వాళ్లకు విమానమైనా హెలికాప్టరైనా ఒకటే, గాలిమోటరు. చప్పుడు చెవిన పడగానే పిల్లలు వాకిట్లోకి ఉరికేవాళ్లు. చేనులో కలుపు తీసే ఆడవాళ్లు నడుము పైకెత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు. పైకి చూడటం మా వైపు వాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కృష్ణ మా జిల్లా అంచునే పారుతున్నా మిట్ట మీది చేన్లకు ఆ నీళ్లు ఎక్కేవి కావు. అందుకని మా చూపులన్నీ మొగులు మీదే. మొగులంటే మాకు ఆకాశమూ అదే, మబ్బూ అదే. వేర్వేరు మాటలు ఉన్నా, ఆశ పెట్టుకున్న చోటు ఒకటే కాబట్టి ఒక్క మాటతోనే సరిపెట్టుకున్నాం.

2009లో ఆ మొగులు మమ్మల్ని బాగా ఏడిపించింది. ఆ ఏడు దేశమంతటా నైరుతి వాన మామూలులో 78 శాతమే కురిసింది. 1972 తర్వాత అంత లోటు పడటం అదే మొదలు. కాలం కాలేదన్నది పాలమూరులో ప్రతి నోటా వినబడ్డ మాట. అటు దేవరకొండ, డిండి వైపు నల్లగొండ మెట్టల్లోనూ అదే గోస. కందులు, ఆముదాలు మొలిచిన చోటే వాడిపోయాయి. పండగ దాకా ఆగుదామనుకున్న వాళ్లు కూడా మూటలు కట్టుకుని బొంబాయి బస్సు ఎక్కారు. అట్లాంటి ఏడాదిలో, సెప్టెంబరు మొదట్లో దక్షిణాన నల్లమల మీద మొగులు పట్టింది. నల్లగా, ఒత్తుగా, గుట్టలను ఆనుకుని నిలబడింది. చూసిన వాళ్లందరికీ పానం లేచొచ్చింది. ఆ మబ్బు లోపల ఏం జరగబోతుందో కింద నిలబడి దండం పెట్టుకున్న వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

సెప్టెంబరు 2, బుధవారం. పొద్దున 8 గంటల 38 నిమిషాలకు హైదరాబాద్ బేగంపేట నుంచి ఒక బెల్ 430 హెలికాప్టర్ లేచింది. ముందు సీట్లలో ఇద్దరు పైలట్లు, గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. వెనక ముగ్గురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఆయన కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ. ప్రయాణం చిత్తూరు జిల్లాకు. రచ్చబండ అనే కార్యక్రమం ఆ రోజే మొదలు కావాలి. ముందుగా చెప్పకుండా పల్లెకు పోయి, జనం మధ్య కూర్చుని, మీకు అందాల్సినవి అందుతున్నాయా అని అడగాలన్నది దాని ఉద్దేశం.

ఐదు పేర్లూ కావాలనే రాశాను. ఆ తర్వాత రోజుల్లో ఒక్క పేరే ఊరూరా మోగింది. అది సహజమే. రెండోసారి గెలిచి నాలుగు నెలలు కూడా నిండని ముఖ్యమంత్రి, అరవై ఏళ్ల మనిషి, అట్లా పోతే జనం తట్టుకోలేకపోయారు. కానీ ఆ పొద్దున ఐదు ఇళ్లలో ఐదుగురు ఛాయ్ తాగి, పోయొస్తామని చెప్పి బయటికి వచ్చారు. ఆ లెక్క నా మనసు ఎన్నడూ మర్చిపోలేదు.

బేగంపేట నుంచి చిత్తూరుకు పటం మీద గీత గీస్తే, అది అప్పటి పాలమూరు జిల్లా తూర్పు భాగం మీదుగా పోతుంది. కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కొల్లాపూర్ ప్రాంతాలన్నీ ఆ గీతకు అటూ ఇటూ ఉంటాయి. కింద కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలు అప్పటికి ఇంకా తవ్వుతూనే ఉన్నారు. ఎర్రమట్టి గీతలు మబ్బు సందుల్లోంచి కనిపించాయో లేదో. తెలంగాణ విషయంలో ఆ ముఖ్యమంత్రితో మా ప్రాంతానికి గట్టి పేచీయే ఉండేది, దాన్ని దాచాల్సిన పని లేదు. అయినా ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. ఆ కార్డు పట్టుకుని పట్నంలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన మనుషులు మా ఊళ్లలో ఉన్నారు. 108 బండి కూత విని ఊపిరి పీల్చుకున్న ఇళ్లు ఉన్నాయి. ఆపద వస్తే ఎవరో ఒకరు వస్తారన్న ధీమా పేదవాడికి కలిగిన కాలమది. ఆ ధీమా ఇచ్చిన మనిషికే ఆపద వచ్చిన నాడు ఎవరూ చేరలేని చోట పడిపోయాడు.

ఆ యంత్రం గురించి కూడా చెప్పాలి. బెల్ 430 చిన్నదేమీ కాదు, పనికిమాలినదీ కాదు. రెండు ఇంజన్లు, పైన నాలుగు రెక్కలు. కెనడాలోని మిరాబెల్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. 1996లో అదే రకం హెలికాప్టర్‌లో రాన్ బోవర్, జాన్ విలియమ్స్ అనే ఇద్దరు 17 రోజుల 6 గంటల 14 నిమిషాల్లో భూగోళాన్ని చుట్టి రికార్డు కొట్టారు. మన ప్రభుత్వం దగ్గరున్నది అప్పటికి సుమారు పదేళ్ల నాటిది. కానీ ఆ రకం ఎక్కువగా అమ్ముడుపోలేదు. ప్రపంచం మొత్తం మీద నూట నలభై లోపే తయారయ్యాయి. ప్రమాదానికి ఏడాదిన్నర ముందు, 2008 జనవరిలో, ఇక వాటి తయారీ ఆపేస్తామని కంపెనీ ప్రకటించింది. ట్రాక్టర్ ఉన్న ఏ రైతునడిగినా చెబుతాడు, కంపెనీ తయారీ ఆపేసిన బండిని కొడుకులా చూసుకోవాలని. ప్రతి పట్టాకు, ప్రతి బేరింగుకు, ప్రతి సీలుకు ఎక్కడెక్కడో వెతకాలి.

హెలికాప్టర్‌కు గుండె ఇంజన్ అనుకుంటాం. నిజానికి దాని ప్రాణం ఇంజన్లకూ రెక్కలకూ నడుమ ఉండే ట్రాన్స్‌మిషన్‌లో ఉంటుంది. ఇంజన్ లోపలి చక్రం నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. పైన రెక్కలు అంత వేగంగా తిరిగితే ముక్కలైపోతాయి. ఆ వేగాన్ని తగ్గించి, బలంగా మార్చి పైకి పంపేది ఈ పళ్లచక్రాల పెట్టె. అందులో ఉక్కు ఉక్కును రాసుకుంటూ ఉంటుంది. నడుమ నూనె ఒత్తిడితో పారుతుంటేనే అది బతికి ఉంటుంది. ఇరుసుకు కందెన పెట్టని ఎడ్లబండి ఊరంతా వినబడేలా కూత పెడుతుంది, ఎక్కువ దూరం పోతే ఇరుసు కాలిపోతుంది. ఇదీ అంతే. తేడా ఒక్కటే, బండి ఆగితే దిగి నడవొచ్చు. అందుకే ఆ నూనె ఒత్తిడిని చూపే మీటరు పైలట్ కళ్ల ముందే ఉంటుంది. ఒత్తిడి నిజంగా పోయిందని తేలితే, దొరికిన మొదటి చదును నేల మీద దించేయాలి.

ఆ రోజు దారిలో వాతావరణ రాడార్ తెర మీద ఎర్రటి మచ్చలు కనబడ్డాయి. ఎరుపంటే గట్టి వాన, ఉరుముల మబ్బు. దాన్ని తప్పించుకోవడానికి కొంచెం ఎడమకు జరిగారు. తొమ్మిదీ ఇరవై ప్రాంతంలో కృష్ణ దాటారు. నది దాటితే అప్పటి కర్నూలు జిల్లా, ఆత్మకూరు అడవి. ఇటు చూసినా అటు చూసినా నల్లమలే. సరిగ్గా అప్పుడే ట్రాన్స్‌మిషన్ నూనె ఒత్తిడిలో ఏదో తేడా ఉందని వాళ్లకు అనుమానం వచ్చింది.

తొమ్మిదీ ఇరవై ఒకటి నుంచి తొమ్మిదీ ఇరవై ఏడు దాటేదాకా, అంటే ఆరు నిమిషాలకు పైగా, ఇద్దరు పైలట్ల ధ్యాసా ఆ తేడా మీదే ఉండిపోయిందని తర్వాత విచారణలో తేలింది. అత్యవసర సూచనల పుస్తకంలో దాని గురించి రాసిన చోటు వెతుకుతున్నారు. కాక్‌పిట్ మాటలు రికార్డు చేసే పెట్టెలో ఆ వెతుకులాట అంతా నిలిచిపోయింది. బయట మొగులు చిక్కబడుతోంది.

ఈ ఆరు నిమిషాల గురించి చదివిన ప్రతిసారీ నాకు కోపం రాదు, కడుపు తరుక్కుపోతుంది. ఇద్దరూ అనుభవం ఉన్న వాళ్లు. వెనక కూర్చున్నది రాష్ట్ర ముఖ్యమంత్రి. ముందు మబ్బు, కింద దించడానికి చదును నేల లేని అడవి, నెత్తి మీద తిరిగే రెక్కలు ఇంకెంతసేపు తిరుగుతాయో తెలియని భయం. నూనె ఒత్తిడి పోయిందని మీటరు చెబితే అది నిజమో, మీటరుదే లోపమో తేల్చుకోవాలి. వెనక్కి తిప్పాల్సింది, కృష్ణ ఇవతలి మైదానంలో ఎక్కడో దించాల్సింది అని ఇంట్లో కూర్చుని అనడం తేలిక. ఒకరు పుస్తకం చూస్తే ఇంకొకరు బయటకే చూస్తూ ఉండాలన్నది విమానం నడిపే ప్రతి వాడికీ మొదటి రోజే నేర్పే పాఠం. ఇద్దరి తలలూ ఒకేసారి ఒక చిన్న మీటరు వైపు వంగిన ఆ కాసేపట్లో, కింది వాళ్లందరం పైకి చూస్తూ కోరుకున్న మొగులు వాళ్లను చుట్టేసింది.

పెద్ద వాన మబ్బు లోపల గాలి ఒకచోట పైకి ఎగదోస్తుంది, పక్కనే బండరాయి వేసినట్టు కిందికి తోస్తుంది. లోపలికి పోయిన వాడికి నేల కనబడదు, నింగీ కనబడదు, వాలిపోతున్నానో లేస్తున్నానో శరీరం చెప్పలేదు. చివరి క్షణాల్లో కో-పైలట్ గో అరౌండ్, గో అరౌండ్ అని పదే పదే అరిచాడు. వదిలెయ్, పైకి లేపు, ఇక్కడి నుంచి బయటపడదాం అని దాని అర్థం. తొమ్మిదీ ఇరవై ఏడు నిమిషాల యాభై ఏడు సెకన్లకు రికార్డు ఆగిపోయింది.

పదిన్నర దాటినా చిత్తూరులో హెలికాప్టర్ దిగలేదు. ఇక అక్కడి నుంచి మొదలైన ఎదురుచూపు నాకు బాగా గుర్తు. టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ, ప్రతి హోటల్ ముందూ జనం. వాన వల్ల ఎక్కడో దిగి ఉంటారని ఒకడు, రోడ్డు మీద కారెక్కి వస్తున్నారట అని ఇంకొకడు. క్షేమమన్న వార్త కాసేపు నడిచి, అబద్ధమని తేలిపోయింది. మధ్యాహ్నం అయింది, పొద్దు గూకింది. వాన మాత్రం పడుతూనే ఉంది. మూడు నెలలుగా దండాలు పెట్టించుకున్న వాన అది. ఇప్పుడు అదే జనం ఇది ఎప్పుడు వెలుస్తుందా అని కిటికీలోంచి చూశారు.

ఇట్లాంటప్పుడు పలకాల్సిన వస్తువు ఒకటి హెలికాప్టర్‌లో ఉంటుంది. పేరు ఈఎల్‌టీ. నేలను గుద్దుకున్న అదురుకు దానంతటదే మేలుకుని, నేనిక్కడున్నాను అని రేడియో కేక వేయాలి. ఆ కేకను ఉపగ్రహాలు విని కింది కేంద్రాలకు చెప్పాలి. సముద్రంలో మునిగిన పడవల కోసం, అడవిలో పడ్డ విమానాల కోసం ప్రపంచమంతా కలిసి పెట్టుకున్న ఏర్పాటది. 121.5 మెగాహెర్ట్జ్ పాత తరహా కేకలను ఉపగ్రహాలు వినడం ఆ ఏడాది ఫిబ్రవరి 1 నుంచే మానేశాయి, 406 మెగాహెర్ట్జ్ కొత్త తరహావే వింటున్నాయి. కొత్తదైనా పాతదైనా యాంటెన్నా తెగితే, పెట్టె నలిగితే, నిప్పులో కాలితే గొంతు పోతుంది. ఆ రోజు నల్లమల నుంచి ఏ కేకా అందలేదు.

అప్పుడు వెతకడం మొదలైంది. దేశంలో అంతకుముందు అంత పెద్ద వెతుకులాట అడవిలో జరగలేదని అన్నారు. సీఆర్‌పీఎఫ్ జవాన్లు, గ్రేహౌండ్స్, పోలీసులు, అటవీ సిబ్బంది వేల మంది. వాయుసేన హెలికాప్టర్లు లేచాయి కానీ ఆ మబ్బే వాటినీ అడ్డుకుంది. చీకటి పడ్డాక వేడిని చూడగల కెమెరాతో సుఖోయ్ యుద్ధ విమానం వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే శ్రీహరికోట నుంచి ఎగిరిన రీశాట్-2 మబ్బుల గుండా చూడగల ఉపగ్రహం. దానితో బొమ్మలు తీశారు. కింద మాత్రం టార్చిలైట్లు, గొడ్డళ్లు, తడిసిన గొంగళ్లు. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ గుట్టకు ఏ వైపున దారి ఉందో తెలిసిన చెంచులను తోడు తీసుకున్నారు. ఆకాశంలో అన్ని కళ్లు ఉన్నా, చివరికి దారి చెప్పాల్సింది అడవిలో నడిచే పాదాలే.

సెప్టెంబరు 3 పొద్దున వాన కాస్త తెరిపి ఇచ్చింది. వాయుసేన హెలికాప్టర్ కంటికి పావురాలగుట్ట మీద ముక్కలు కనబడ్డాయి. రుద్రకోడూరు, వెలుగోడు అడవుల నడుమ నిటారుగా లేచిన గుట్ట అది. దించడానికి చోటు లేదు. తాళ్లు వదిలి మనుషులను కిందికి జార్చారు. బతికిన వాళ్లను పైకి తీసుకొచ్చే తాళ్లవి. అక్కడ అట్లాంటి పని ఏమీ మిగల్లేదు. ఐదుగురినీ కర్నూలుకు తెచ్చారు. మరునాడు ఇడుపులపాయలో ముఖ్యమంత్రిని మట్టికి ఇచ్చారు. మిగతా నలుగురి ఇళ్ల ముందు కెమెరాలు అంతసేపు నిలవలేదు.

ఆర్.కె. త్యాగి నేతృత్వంలో కమిటీ వేశారు. సీబీఐ కూడా చూసింది. కుట్రేమీ లేదని తేలింది. నూనె ఒత్తిడి గురించిన ఆందోళనలో ధ్యాస మళ్లడం, మబ్బులోకి పోవడం, కిందికి తోసే గాలి, అదుపు తప్పడం. ఇంత పెద్ద చావుకు ఇంత చిన్న కారణమా అని చాలామంది నమ్మలేదు. ఇప్పటికీ నమ్మని వాళ్లున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. పెద్ద మనిషి పడితే పెద్ద శత్రువే ఉండాలని మనసు కోరుకుంటుంది.

సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 2న, అదే మొగులు మళ్లీ విరుచుకుపడింది. తుంగభద్ర, కృష్ణ ఒక్కసారే పొంగాయి. శ్రీశైలం ఆనకట్ట 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టింది. వచ్చింది 25 లక్షలు. కర్నూలు నగరం మునిగింది. మా వైపు అలంపూర్ గుడులు నీళ్లలో నిలబడ్డాయి. తుంగభద్ర ఒడ్డున రాజోలిలో నేతగాళ్ల మగ్గాలు గుంటల్లోనే మునిగిపోయాయి, పడుగులు, నేసిన చీరలు బురదైపోయాయి. కరువు మండలాలన్న పేరు చెరగకముందే వరద గ్రామాలయ్యాయి. అప్పుడు వాయుసేన గాలిమోటర్లు వచ్చాయి. మిద్దెల మీద నిలబడ్డ వాళ్లకు అన్నం పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు వేశాయి. చేతులు పైకెత్తి నిలబడ్డ ఆ జనాన్ని టీవీలో చూస్తుంటే, ఒక్క చదును నేల దొరికి ఉంటే నెల కిందట ఆ నల్లమలలో ఐదుగురు కూడా ఇట్లాగే చేతులెత్తి ఎదురుచూసి ఉండేవాళ్లు కదా అని అనిపించింది.

మన తెలుగు నేలకు ఈ గాయం అదే మొదటిది కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగిని తీసుకుని భీమవరం నుంచి బయలుదేరిన బెల్ 206 హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. అట్లాంటి గాయం నల్లగొండ జిల్లాకూ వచ్చింది. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి చేన్లలో చిన్న శిక్షణ విమానం పడిపోయింది. నాగార్జునసాగర్ రన్‌వే నుంచి అందులో ఒంటరిగా ఎగిరిన పిల్ల, తమిళనాడు నుంచి పైలట్ కావాలని వచ్చింది. చప్పుడు విని చేన్లలోంచి ఉరికింది రైతులే. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమెను చూసిన రైతుల ఇళ్లలో ఆ మధ్యాహ్నం ఎవరూ అన్నం ముట్టి ఉండరని మాత్రం అనుకుంటాను.

ఇంకొకటి, ఇది తేదీ వల్ల నన్ను వదలడం లేదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. హెలికాప్టర్ కోసం చూశారు. మొగులు దాన్ని రానివ్వలేదు. చీకటి పడ్డాక ఒక బుల్డోజర్ డ్రైవర్ ప్రాణానికి తెగించి, వరదలోకి బండి తోలి వాళ్లను తెచ్చాడు. మరునాడు సెప్టెంబరు 2, పావురాలగుట్టకు సరిగ్గా పదిహేనేళ్లు. ఆ రాత్రి గుజరాత్ తీరాన, పోర్‌బందర్ ఎదుట సముద్రంలో, హరి లీల అనే ట్యాంకర్ ఓడలో గాయపడ్డ మనిషిని తేవడానికి కోస్ట్ గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ పోయింది. అది సముద్రంలో పడింది. నలుగురిలో ఒక్కరే బతికారు. నాలుగు నెలలకు, 2025 జనవరి 5న, పోర్‌బందర్ రన్‌వే మీదే కోస్ట్ గార్డ్ వాళ్ల ఇంకో ధ్రువ్ కూలి ముగ్గురు పోయారు. రెక్కల వాలును మార్చే స్వాష్‌ప్లేట్ అనే పళ్లెం పగిలిందని తేలింది. దేశంలోని మూడు వందలకు పైగా ధ్రువ్‌లు నెలల తరబడి నేల మీదే ఉండిపోయాయి.

ఓడలో గాయపడ్డవాడి కోసం పోయిన వాళ్లే సముద్రంలో పడటం. ఒక పళ్లెం. ఒక మీటరు. ఒక నోరు లేని ఈఎల్‌టీ. వీటిని విడిభాగాలంటారు, గోదాములో నంబర్లు వేసి అరల్లో పెడతారు. ఏ రోజు ఏది మార్చారో, ఎవరు సంతకం చేశారో పుస్తకాల్లో రాస్తారు. ఆ రాతలు రాసే మెకానిక్ చేతులను నేను ఎప్పుడూ చూడలేదు. కానీ మిద్దె మీద వరదలో నిలబడ్డ మనిషికి తాడు అందడం వెనక పైలట్ ధైర్యంతో పాటు ఆ చేతులు కూడా ఉన్నాయని గట్టిగా నమ్ముతాను. ఇట్లాంటి వార్త చదివినప్పుడల్లా ఆ మనుషులు రాత్రి నిద్రపోయారా అనుకుంటాను.

మా ఊరి దగ్గర ఇప్పుడు కాలువలో నీళ్లు పారుతున్నాయి. మొగులు కోసం అంతగా మెడలెత్తాల్సిన పని తగ్గింది. అయినా వానాకాలంలో నల్లమల మీద నల్లగా పట్టినప్పుడు, ఆ మబ్బు మీద నుంచి దక్షిణానికి పోయే గాలిమోటరు చప్పుడు వినిపిస్తే, చేస్తున్న పని ఆపి బయటికి వస్తాను. అది కనబడదు. చప్పుడు మాత్రం గుట్టల మీదుగా సన్నబడుతూ పోతుంది. కృష్ణ దాటి ఉంటుంది, అడవి మీదికి వచ్చి ఉంటుంది అని మనసులో లెక్క వేసుకుంటూ, ఆరేడు నిమిషాలు అట్లాగే వాకిట్లో నిలబడి ఉంటాను.